డ్యూటీ దిగాక పాట

భిలాయి ఉక్కు కర్మాగారం జీతాల పట్టీలో ఒకప్పుడు ఒక వింత ఉద్యోగి పేరుండేది. ఆమెకు కొలిమితో పని లేదు, రైలు పట్టాల మిల్లుతో పని లేదు. చేతిలో తంబురా, నోట్లో మహాభారతం. కథ సాగుతున్నకొద్దీ ఆ తంబురాయే భీముడి గద అయ్యేది, అర్జునుడి విల్లయ్యేది, ఇంకో క్షణంలో ద్రౌపది జుట్టయ్యేది.

పేరు తీజన్ బాయి. 1956లో భిలాయికి దగ్గర్లోని గనియారి పల్లెలో పుట్టింది. పాండవుల కథ నేర్పింది తాతయ్య. ఆ కథను పాడి చెప్పే పండవానీలో ఆడవాళ్లు కూర్చునే పాడాలనేది అప్పటి కట్టుబాటు. నిలబడి, అడుగులు వేస్తూ చెప్పే కాపాలిక పద్ధతి మగవాళ్ల సొత్తు. ఆమె నిలబడింది. కులం వెలివేసింది. పదమూడేళ్ల వయసులో దుర్గ్ జిల్లా చంద్రఖురీలో మొదటి కథ చెబితే చేతికొచ్చింది పది రూపాయలు. ఆ తర్వాత నాటకకర్త హబీబ్ తన్వీర్ కంట పడింది, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది, 2019లో పద్మవిభూషణ్ కూడా వచ్చింది.

పెద్ద పేర్లు చెప్పి చిన్న కళాకారుల్ని బెదరగొట్టడం తేలిక. తీజన్ బాయి కథలో పద్మవిభూషణ్‌ని కాసేపు పక్కన పెట్టి, ఆ పది రూపాయల సంగతి చూద్దాం. పేరూ ఊరూ లేని పదమూడేళ్ల పిల్ల పాడుతుంటే చంద్రఖురీలో కొందరు కూర్చుని విన్నారు, ఎవరో డబ్బు కూడా ఇచ్చారు. భిలాయి పవర్ హౌస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పాటలు కట్టుకుని పుస్తకాల్లో దాచుకునేవాళ్లకు ఇవాళ కొరవడింది అలాంటి సాయంత్రమే.

బండి దిగిన పాటలు

పవర్ హౌస్ అంటే హౌరా–ముంబై మెయిన్ లైన్ మీద ఒక స్టేషను. స్టేషను బయట బజారుదీ అదే పేరు. జవహర్ మార్కెట్, నందినీ రోడ్డు, వాటి వెనక కార్మికుల క్యాంపులు, దగ్గర్లో ఖుర్సీపార్ బస్తీలు. ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమి రాజుకున్నాక దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చిపడ్డారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పొలం పనుల్లేని రోజుల్లో పక్క ఊరికి వెళ్లినంత మామూలుగా రాయగడ దారిన బండెక్కి, ఇక్కడ దిగి, ముందు కాంట్రాక్టరు దగ్గర మట్టి మోసి, తర్వాత ప్లాంటులోనో రైల్వేలోనో కుదురుకున్నారు. ఇప్పుడు అదే దారిలో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ నడుస్తోంది. 2024 సెప్టెంబరులో మొదలైన ఆ బండి పార్వతీపురంలోనూ ఆగుతుంది.

వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రాలేదు. రామభజన వచ్చింది, జముకుల కథ వచ్చింది, హార్మోనియం శ్రుతిలో రాగం తీసి పాడే నాటకం పద్యం వచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పద్యనాటకం ఆడేది సినిమావాళ్లు కారు. పగలంతా నాగలి పట్టినవాడు రాత్రి కృష్ణుడు. కచేరీ గుమాస్తా దుర్యోధనుడు. కూలికి వెళ్లొచ్చినవాడు మొహానికి రంగేసుకుని రాయబారానికి బయల్దేరతాడు. కళను బతుకుతెరువు చేసుకోనివాళ్లే కళను మోశారు. ఆ అలవాటు క్యాంపుల్లోకీ వచ్చింది. సెక్టార్-5లో ఆంధ్ర సాహిత్య సమితి నడిపే బాలాజీ గుడి లాంటి చోట్ల ఉగాదికీ బ్రహ్మోత్సవాలకీ తెలుగు గొంతు వినిపిస్తూనే ఉంది.

అయితే రెండు మూడు తరాలు గడిచేసరికి ఒక మార్పు వచ్చింది. పాడేవాళ్లు తగ్గలేదు, పెరిగారనే చెప్పాలి. కరావోకే ట్రాకు ఫోనులో దొరుకుతుంది, మైకు పెట్టె వెయ్యి రెండు వేలకు వస్తుంది. చవితి పందిట్లో, పెళ్లి రిసెప్షన్‌లో, రిటైర్‌మెంట్ పార్టీలో ఘంటసాల పాట, బాలు పాట, కిశోర్ కుమార్ పాట మోగుతూనే ఉంటాయి. ఆ వరసలో లేనిది వాళ్ల సొంత పాట. సినిమా పాట పాడటం తప్పేం కాదు. పాడీ పాడీ గొంతు సాఫవుతుంది, తాళం నిలుస్తుంది. కానీ ఇంట్లో శ్రీకాకుళం యాస, బజారులో హిందీ, పక్కింటి బాయితో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ, తెలుగు పాటను దేవనాగరిలో రాసుకుని పాడే పిల్ల బతుకు గురించి హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ పాట రాయరు. అది రాయాల్సింది ఆ పిల్లే.

షిప్‌యార్డ్ నుంచి, టెలిఫోన్స్ నుంచి

ఉద్యోగం చేసుకునేవాళ్లకు పాట ఎక్కడ కుదురుతుందనే ప్రశ్నకు, బండి ఆగే ఆ పార్వతీపురం ప్రాంతం నుంచే జవాబుంది. వంగపండు ప్రసాదరావు అక్కడి పెదబొండపల్లిలో 1943లో పుట్టాడు. విశాఖ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేశాడు. ఇనుమూ యంత్రమూ కూలీ మధ్య నిలబడి, తన ఊరి యాసలో, తన ఊరి జానపద బాణీల్లో పాటలు కట్టాడు. జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఒకడు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ను తెలుగువాళ్లలో విననివాళ్లు తక్కువ. 2020 ఆగస్టులో పోయేనాటికి ఆయన కట్టిన పాటలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఏదీ పండితుల భాషలో లేదు. ఎదురింటివాడితో మాట్లాడినట్టు ఉంటుంది. భిలాయి తెలుగువాళ్లలో ఎక్కువమందికి అమ్మా నాన్నల భాష అదే. పాట రాయడానికి వేరే భాష నేర్చుకోనక్కర్లేదు.

సిరివెన్నెల సీతారామశాస్త్రి టెలిఫోన్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ ‘భరణి’ పేరుతో కవితలు రాసుకునేవాడు. 1986లో విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ సినిమా వచ్చాకే ఆ పేరు ఇంటిపేరయింది. సుద్దాల అశోక్ తేజ బడిపంతులు. బుర్రకథకు కొత్త ఊపిరి పోసిన షేక్ నాజర్ కొన్నాళ్లు బట్టలు కుట్టి బతికాడు. అందెశ్రీ గొర్రెలు కాశాడు, తాపీ పని చేశాడు, బడి మొహం చూడలేదు. ఆయన పాటే 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. ఈ జాబితా ఇంకా పొడుగుంది, ఇక్కడితో ఆపేద్దాం. వీళ్లెవరూ ముందు కళాకారులై తర్వాత పాట రాయలేదు. జీతానికో కూలికో వెళ్లొస్తూనే రాశారు.

ప్లాట్‌ఫారం మీద

పవర్ హౌస్ స్టేషనుకు పాటతో ఇంకో సంబంధముంది. అది సంతోషంగా చెప్పుకునేది కాదు.

శంకర్ గుహా నియోగి మొదట భిలాయి కోక్ ఒవెన్లలో పనిచేసిన కార్మికుడే. తర్వాత దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల్లో కాంట్రాక్టు కూలీల సంఘం కట్టాడు, ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చాకు నాయకుడయ్యాడు. ఆ ఉద్యమంలో పాట పక్కవాయిద్యంగా లేదు. ‘నవా అంజోర్’ పేరుతో సాంస్కృతిక బృందమే ఉండేది. అందులో పాడినవాళ్లు గని కార్మికులు. ఫాగూరాం యాదవ్ ఛత్తీస్‌గఢీలో కట్టిన పాటలు సభల్లో మోగేవి. 1991 సెప్టెంబరు 28న నియోగిని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న, తీసేసిన కార్మికుల్ని పనిలోకి తీసుకోవాలంటూ పవర్ హౌస్ స్టేషనులో పట్టాల మీద కూర్చున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా చనిపోయారు. ఏటా జులై 1న వాళ్లను తలుచుకోడానికి జనం అదే స్టేషనుకు వస్తారు, పాటలతో తలుచుకుంటారు.

ఆ రాజకీయాలతో ఏకీభవించాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. పాట సంగతి మాత్రం గమనించదగ్గది. నివేదికలు బీరువాల్లోకి పోయాయి. పేర్లూ తేదీలూ నోళ్లలో మిగిలాయంటే కట్టినవాడొకడు, పాడేవాళ్లు పదిమంది ఉండబట్టే. ఆ కట్టినవాడికి సంగీతం డిగ్రీ లేదు.

దుర్గ్ నుంచి వచ్చిన రాష్ట్ర గీతం

పవర్ హౌస్ నుంచి దుర్గ్ ఎంతో దూరం లేదు. ఆ పక్కనే బఘేరా అనే ఊళ్లో 1971 నవంబరు 7న దావు రామచంద్ర దేశ్‌ముఖ్ ‘చందైనీ గోందా’ అనే రంగస్థల ప్రదర్శన పెట్టాడు. ఊళ్లూళ్లూ తిరిగి పాడేవాళ్లను, వాయించేవాళ్లను ఏరుకొచ్చి ఒక వేదిక మీదికెక్కించాడు. ఖుమాన్ సావ్ సంగీతం. పాటలు రాసి పాడినవాడు లక్ష్మణ్ మస్తూరియా, అప్పటికి పాతికేళ్లు నిండని కుర్రాడు. తర్వాతి కాలంలో బడిలో పాఠాలు చెప్పుకుని బతికినవాడు. ఛత్తీస్‌గఢీ పాటకు ఆధునిక యుగం ఆ రాత్రి నుంచి మొదలైందని ఇక్కడివాళ్లు లెక్కపెట్టుకుంటారు.

దాన్ని చూసి మూడేళ్లకు దావు మహాసింగ్ చంద్రాకర్ ‘సోన్హా బిహాన్’ మొదలుపెట్టాడు. ఆ బృందం పాడిన పాటల్లో నదుల పేర్లు వరసగా చెప్పే పాట ఒకటుంది. రాసింది నరేంద్ర దేవ్ వర్మ అనే అధ్యాపకుడు. 1979లో, నలభై ఏళ్లయినా రాకుండానే ఆయన పోయాడు. ఇంకో నలభై ఏళ్లకు, 2019లో, ఆ పాటను ఛత్తీస్‌గఢ్ తన రాష్ట్ర గీతంగా ప్రకటించింది. రాసేనాటికి ఆ రాష్ట్రమే లేదు.

ఇందులో దేశ్‌ముఖ్, చంద్రాకర్‌ల పాత్రను తక్కువ చేయకూడదు. వాళ్లు భూస్వాములు, డబ్బున్నవాళ్లు. ఆ డబ్బును కొత్త పాట మీద ఖర్చుపెట్టారు. పాట రాసేవాడికి ప్రతిభ ఎంత కావాలో, వేదిక వేసేవాడు అంతే కావాలి. భిలాయి తెలుగు సంఘాల పెద్దలకు ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. బయటి నుంచి ఆర్కెస్ట్రాను పిలిచి వేలకు వేలు పోస్తారు. సొంత క్యాంపు కుర్రాడు రాసుకున్న పాట పాడతానంటే, “చివర్లో చూద్దాంలే తమ్ముడూ” అంటారు. చివరికి కుర్చీలు మడత పెట్టేవాళ్లే మిగులుతారు.

పారిశ్రామిక పట్టణాల్లో సంగీతం మరోలా కూడా పెరగగలదు. ఇంగ్లండ్‌లో గ్రైమ్‌థార్ప్ బొగ్గు గని కార్మికులు 1917లో ఒక బ్రాస్ బ్యాండు పెట్టుకున్నారు. పగలు గనిలోకి దిగి, సాయంత్రం ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలితో బాకాలు ఊదారు. 1992 అక్టోబరులో గనులు మూసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది, మూతపడేవాటిలో వాళ్ల గని కూడా ఉంది. అదే నెలలో ఆ బ్యాండు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో జాతీయ పోటీ గెలిచింది. మరుసటి ఏడాది గని మూతపడింది. బ్యాండు ఇప్పటికీ వాయిస్తోంది.

బాణీ అరువు తెచ్చుకోవచ్చు

“మాటలు వస్తాయి గానీ బాణీ కట్టడం రాదు” అనేది కొత్తవాళ్లు ఎక్కువగా చెప్పే మాట. కట్టక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించిన పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం రాశాడు. వాటినే నొట్టుస్వరాలంటారు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ పాడతారు. అన్నమయ్య లాలి, సువ్వి, గొబ్బి లాంటి ఇంటి పాటల పద్ధతుల్నే సంకీర్తనల్లోకి తెచ్చుకున్నాడు. అంతటివాళ్లు ఉన్న బాణీని వాడుకున్నప్పుడు, అమ్మమ్మ దంపుడు పాట వరసలో క్యాంపు జీవితం గురించి నాలుగు చరణాలు రాసుకోడానికి సిగ్గెందుకు? ఆ జానపద వరసలు ఎవరి సొంతమూ కావు. సినిమా బాణీ మీద రాస్తే మాత్రం అది ఇంట్లో సాధనకే. బయట పాడితే బాణీ హక్కు ఇంకొకరిది.

భిలాయిలో ఇంకో సౌకర్యముంది. పండవానీలో కథ చెప్పేవాళ్ల పక్కన ‘రాగీ’ ఉంటాడు. ఊ కొడతాడు, ప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు. బుర్రకథలో వంతలు చేసే పని అదే. ఒంటరిగా వేదిక ఎక్కాలంటే కాళ్లు వణికే కుర్రాడికి పక్కన ఊ కొట్టేవాడు దొరికితే సగం భయం పోతుంది. తెలుగు వంత, ఛత్తీస్‌గఢీ రాగీ ఒకే పాటలో కలిస్తే ఎలా ఉంటుందో ఈ ఊళ్లోనే చూడగలం. హిందీ మాట, తెలుగు మాట ఒకే చరణంలో పడితే భాష పాడైపోతుందని పెద్దలు గొణుగుతారు. గొణగనివ్వండి. క్యాంపులో మాట్లాడే భాష అదే.

పాటల పోటీల విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. 1964లో మద్రాసులోని ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో ఇంజినీరింగ్ చదువుతున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదటి బహుమతి గెలిచాడు, 1966లో సినిమాకు పాడాడు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ వందలమంది గొంతుల్ని ఇళ్లకు చేర్చింది. మంచిదే. అయితే అలాంటి పోటీలు కొలిచేది గొంతుని. పాట కట్టేవాడికి అక్కడ మార్కుల్లేవు. పోటీలో వెనక్కి వచ్చేశానని రాయడం మానేసినవాడు తనకు సంబంధం లేని పరీక్షలో తప్పినట్టే.

వినేవాళ్లు వెంటనే దొరక్కపోవచ్చు కూడా. అమెరికాలో చార్లెస్ ఐవ్స్ అనే ఆయన ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుతూ సాయంత్రాలు, సెలవు రోజులు సంగీతం రాసుకునేవాడు. 1922లో సొంత డబ్బుతో 114 పాటలు అచ్చువేసి ఊరికే పంచిపెట్టాడు. ఎప్పుడో యువకుడిగా రాసుకున్న మూడో సింఫనీని 1946లో గానీ ఎవరూ వేదిక మీద వాయించలేదు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది.

కాగితాల సంగతి

రాసిన పాటకు హక్కు రాసిన క్షణం నుంచే ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికినన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. తేదీ వేసి పుస్తకంలో రాసుకోవడం, ఫోనులో పాడి రికార్డు చేసి తనకు తానే ఈమెయిల్ పంపుకోవడం వంటివి తర్వాత గొడవలొస్తే పనికొస్తాయి. 2012 సవరణ తర్వాత సినిమాల్లో పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా హక్కు గట్టిపడింది. ఆ డబ్బు వసూలుచేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థలో గీత రచయితలు, స్వరకర్తలు సభ్యులుగా చేరొచ్చు. టిక్కెట్టు పెట్టి, స్పాన్సర్లను తెచ్చి సినిమా పాటల కార్యక్రమం చేస్తే లైసెన్సు తీసుకోవాలి. పూజలకూ పెళ్లిళ్లకూ చట్టం మినహాయింపు ఇచ్చింది. సొంత పాటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిర్వాహకులకు ఈ ఒక్క లెక్క చూపించినా కొత్త పాట మీద ప్రేమ పుట్టొచ్చు.

ఆకాశవాణి ఆడిషన్లున్నాయి. ‘బి’ గ్రేడుతో మొదలై బి-హై, ఎ, టాప్ వరకు మెట్లు. రాయపూర్ కేంద్రం దగ్గరే. ఏటా నవంబరులో రాజ్యోత్సవం జరుగుతుంది, స్థానిక కళాకారులకు అక్కడ వేదికలుంటాయి. ఛత్తీస్‌గఢ్ పుట్టింది 2000 నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956లో అదే తేదీన. ఒకే రోజు రెండు పుట్టినరోజులున్న ఊళ్లో తెలుగు బృందం ఒకటి ఛత్తీస్‌గఢీ పల్లవితో వేదికెక్కితే వద్దనేవాళ్లెవరు?

ఇక సాధన వేళలు. లౌడ్‌స్పీకరు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వద్దని దేశమంతటా నిబంధన ఉంది. ఉక్కు పట్టణంలో అది చాలదు. పొద్దున పదకొండింటికి సగం లైను నైట్ షిఫ్టు దిగి పడుకుని ఉంటుంది, ఆ వేళ డోలక్ మోగితే కళాపోషణ సంగతి దేవుడెరుగు, పక్కింటి పెదనాన్న చెప్పు తీసుకుని వస్తాడు. ఫస్టు షిఫ్టువాళ్లు ఇళ్లు చేరాక, నైట్ షిఫ్టువాళ్లు బయల్దేరకముందు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య రెండు గుంపులూ మెలకువగా ఉంటాయి. ఆదివారం ఆ వేళకు ఏ గుడి మండపమో, ఏ సంఘం గదో తాళం తీస్తే ఖర్చు కరెంటు బిల్లే. వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో సొంత పాట పాడాలి, సగంలో ఆగినా సరే. సినిమా పాటకు ఆ రెండున్నర గంటలు సెలవు. మైకు కూడా అక్కర్లేదు. పదిమంది వింటారు, అందులో ఇద్దరు “రెండో చరణం సాగదీశావురా” అంటారు. వాడు ఇంటికెళ్లి రెండో చరణం మళ్లీ రాసుకుంటాడు.

సంఘాలు చేయాల్సింది ఇంకొకటుంది. వినాయక చవితి కార్యక్రమాల కాగితంలో రాత్రి ఎనిమిదింటికి, జనం నిండుగా ఉన్నప్పుడు, ఆర్కెస్ట్రా కంటే ముందు, సొంత పాటలకు అరగంట రాసి పెట్టాలి. పాడినవాళ్లకు శాలువా వద్దు, ఫొటో వద్దు. కవరులో డబ్బు పెట్టి ఇవ్వాలి, చందాల లెక్కలో ఆర్కెస్ట్రా ఖర్చు కింద, అదే వరసలో, పేరుతో సహా చూపించాలి.